చేతిలోని పాటపెట్టె, కారులోని స్టీరియో

మా మామగారికి నెలకొకసారి కంటిలో సూదిమందు వేయించుటకై రామతీర్థమునుండి విశాఖపట్టణమునకు పోవలసి వచ్చుచున్నది. పోవుటకు రెండు గంటలు, మరలివచ్చుటకు రెండు గంటలు. వారికిప్పుడు 78 ఏండ్లు. పత్రిక చదువలేరు. కిటికీలోనుండి చూచినను చెట్టేదో గుట్టయేదో తెలియదు. అట్టివారికి దారిపొడుగునను కాలము గడపుటకు మిగిలినది చెవి యొక్కటియే. ఆ చెవికి వారు కోరినది సినిమాపాట గాదు, వార్తలును గావు. నాలుగేండ్ల క్రిందట స్వర్గస్థురాలైన మా అత్తగారి గొంతు.

ఆ గొంతు మాయింట నున్నది. 2014లో మా ఆడబిడ్డ సంక్రాంతి పండుగకు పుట్టింటికి వచ్చినప్పుడు, తనతో దెచ్చిన అగ్గిపెట్టెయంత పాటపెట్టెలో, దానికే యున్న మైకుతో తల్లిచేత పాడించి పదునొకండు పాటలు పట్టినది. రెండు మంగళహారతులు, మూడు రామదాసు కీర్తనలు, ఒక లాలి, కొన్ని పెండ్లిపాటలు, చివర నూర్మిళాదేవి నిద్ర. వంటయింటి గడపమీద కూర్చుండి పాడిన పాటలగుటచేత గిన్నెల చప్పుడును, కాకి కూతయు నందు గలసియే యున్నవి. అత్తగారు పోయిన పిమ్మట ఆ పెట్టెను దేవుని మందసములో నుంచితిమి. తీసి వినుటకు మాకు ధైర్యము చాలలేదు.

మాయూరికి పదిపండ్రెండు కిలోమీటర్ల దూరముననున్న విజయనగరము సంగీతమునకు పేరుగాంచినది. 1919లో అచ్చట నెలకొనిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రధానాధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగా రచ్చట వాయులీనము నేర్పి, 1936లో ఆ పదవినే యలంకరించిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగా రచ్చట చదివినవారే. ద్వారంవారి వాయులీనమును, ఘంటసాలవారి గానమును గ్రామఫోను పలకలలో నిలిచినవి. కాని యా కళాశాల గడప తొక్కని గృహిణులు, వత్తి వెలిగించి హారతి పాడినవారు, పిల్లను జోకొట్టినవారు, వారి గొంతులను పట్టియుంచినవా రెవరు? మా ఆడబిడ్డకు తోచినది గనుక మా అత్తగారి గొంతు మిగిలినది. మా అమ్మగారిది మిగులలేదు.

సరే, పాటలున్నవి, పెట్టె యున్నది. చెవిగొట్టములు పెట్టి వినిపింపరాదా యని మీరనవచ్చును. ఒకసారి పెట్టితిమి. “చెవిలో పుల్ల గుచ్చినట్టుందమ్మాయీ, తీసీ” అని మామగారు వెంటనే లాగివైచిరి. వారి యెడమచెవి కొంచెము మందము గూడను. అదిగాక, తమ కొక్కరికే వినబడి ప్రక్కనున్న కొడుకునకు వినబడకపోవుట వారికి బొత్తిగా నచ్చలేదు.

మా యింటివారు బడిపంతులు గనుక కొత్త కారు మా తరము గాదు. ఒకరు పదియేండ్లు వాడి విడిచిన కారును 2021లో కొంటిమి. దానికి కంపెనీవారే బిగించిన స్టీరియో యున్నది. నాలుగు తలుపులకును నాలుగు స్పీకరులు. వాని ధ్వని మా యింటి టీ.వీ. కంటె మెఱుగు. చేతిలోని యీ చిన్నపెట్టె ఆ నాలుగు స్పీకరులలో పలుకవలెను. అంతియే మా కోరిక. దీనికై మూడు నెలలు తిప్పలుపడి, చేజేతుల ఆ పాటలనే పోగొట్టుకొనబోయితిమి. అందుచేత నీ సంగతి సోదరీమణులకు విపులముగా వ్రాయుట మంచిదని తోచినది.

నారదుడు మహతిని మీటుచు ముల్లోకములును తిరిగెనని పురాణములలో చదివిన మనకు, పాటను వెంటగొనిపోవుట వింతగాదు. నడచు బండిలో పాట మాత్రము మిక్కిలి నూతనము. అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో మోటరోలా యను పేర కారురేడియోను అమ్మజొచ్చిరి. 1956లో క్రైస్లరువారు కారులో పలకలు తిరుగు యంత్రమునే యమర్చి చూచిరి గాని యది కొలది యేండ్లే నిలిచినది. ఫిలిప్సువారు 1963లో క్యాసెట్టును, సోనీవారు 1979లో వాక్‌మన్‌ను, ఆపిల్‌వారు 2001లో ఐపాడ్‌ను తెచ్చిరి. ఇట్లు చేతిపెట్టె మాటిమాటికి రూపు మార్చుకొనుచుండగా, కారులో బిగించిన స్టీరియో కారు బ్రతికినన్నాళ్లును అదేయై యుండును. వయసులు కుదరని యీ రెండింటికిని పొత్తు కుదుర్చుటలోనే చిక్కంతయు నున్నది.

మేము మొదట పట్టినది ఎఫ్.ఎం. ట్రాన్స్‌మీటరను చిన్న సాధనము. కారులో సిగరెట్టు వెలిగించుకొనుటకని పూర్వము పెట్టిన సాకెట్టు గలదే, అందు గ్రుచ్చవలెను. దానిలో పాటపెట్టె తీగను కలిపినచో, అది తానే యొక బుల్లి రేడియో స్టేషనై పాటను గాలిలోనికి వదలును. కారులోని రేడియోను ఆ సంఖ్యకే త్రిప్పినచో పాట వినబడును. ఎఫ్.ఎం. పట్టీ 87.5 మొదలు 108 మెగాహెర్ట్జుల వఱకు గలదు. అందు ఏ స్టేషనును లేని ఖాళీ చోటు చూచుకొనవలెను. రామతీర్థములో బోధికొండ క్రింద కారు నిలిపి చూచితిమి. చక్కగా పలికినది. మామగారు మొదటి హారతి విని కన్నీరు పెట్టుకొనిరి. మా పని యైనదని సంతసించితిమి.

మఱునాడు ప్రయాణము. నెల్లిమర్ల దాటువఱకు బాగుగనే యున్నది. విజయనగరము దాటి విశాఖపట్టణము వైపు సాగినకొలది గురగుర మొదలైనది. మధురవాడ చేరునప్పటికి హారతి నడుమ నెవరో నగలదుకాణము ప్రకటన చదువుచుండిరి. మనము వదలునది అతిదుర్బలమైన తరంగము. పట్టణములోని స్టేషనులది బలమైనది. ఒకే సంఖ్యమీదనో దాని ప్రక్కనో రెండును తగిలినప్పుడు బలమైనదే గెలుచును. మరల ఖాళీచోటు వెదకవలెను, కొంతదూరము పోవగనే మరల వెదకవలెను. “కట్టీండి. ఆవిడ పాటలో అంగడోళ్లేటి!” అని మామగారు ముఖము త్రిప్పుకొనిరి. రేడియో తప్ప వేఱు ద్వారము లేని పాతకారునకు ఈ సాధనము పనికివచ్చునుగాని, పట్టణములు దాటి దూరము పోవువారు దానిని నమ్ముకొనరాదు.

పిమ్మట నొక పట్టణములోని దుకాణమునకు పోయితిమి. పేరు వ్రాయము. అందలి పెద్ద, కారును చూడకయే, కంపెనీ స్టీరియోను పెఱికివైచి అద్దపు తెర గలది బిగించిన తప్ప వేఱు దారి లేదనెను. అతడు చెప్పిన వెల మా యింటి నెలఖర్చుకంటె నెక్కువ. కంపెనీది తీసివేసినచో దాని చుట్టునున్న చట్రము మార్చవలెను. కొన్ని కారులలో స్టీరింగునందలి మీటలు పలుకకపోవును. వెనుక తీగలు కత్తిరించి అతికినచో తరువాత వచ్చు చిక్కులు వేఱు. ఇవన్నియు పిమ్మట తెలిసికొన్నవి. అప్పటికి మా కేమియు దెలియదు, డబ్బు లేదు గనుక బ్రతికితిమి.

అక్కడ పనిచేయు కుఱ్ఱవాడొకడు మంచివాడే. స్టీరియో ముఖముమీద యు.ఎస్.బి. తొఱ్ఱ యున్నది గదా యని, పాటపెట్టెను దాని తీగతో నందు గ్రుచ్చి చూచెను. ఫైలు లేదని తెరమీద వచ్చినది. పెట్టెను తన కంప్యూటరుకు తగిలించి, “ఏటీ అవదమ్మా, ఓపాలి ఫార్మాటు కొట్టీసి ఎక్కించీస్తే పాడతాది” అనెను. చేయి మీటమీద నున్నది. మాకా యింగ్లీషుమాట యర్థము సరిగా తెలియదు. ఏదో గుబులు కలిగి, “బాబూ, కొడితే లోపల ఉన్నవి ఏటవుతాయి?” అంటిమి. “ఉన్నవి పోతాయి కదమ్మా. మళ్లీ ఎక్కించుకోవాల.” ఎక్కడనుండి యెక్కించుకొందుము? పాడినవారు లేరు. ఆ పదునొకండు పాటలకును లోకమున ప్రతి యొక్కటియే, అది వాని చేతిక్రింద నున్నది. మేము పెట్టె లాగికొని వచ్చినవార మింటికి వచ్చువఱకు చేతిసంచిలో పెట్టలేదు, పిడికిటనే పట్టుకొంటిమి.

సోదరీమణులారా, తీగలసంగతి తరువాత చెప్పెదము. మీ యింట నిట్టి గొంతేదైనను ఒక్క పెట్టెలోనో ఒక్క ఫోనులోనో యున్నయెడల, దానిని దేనికిని తగిలింపకముందే మఱి రెండుచోట్ల నకలు తీసి యుంచుడు. మేమా రాత్రియే, ఎనిమిదవ తరగతి చదువు మా కుమారునిచేత ఇంటి కంప్యూటరులో నొక ప్రతి, పెన్‌డ్రైవులో నొక ప్రతి తీయించి, రెండవదానిని బొబ్బిలిలోని ఆడబిడ్డకు పంపితిమి. నకలు తీయుటకు పట్టినది పావుగంట. పదేండ్లు ఆ పావుగంట మాకు దొరకలేదు!

ఆ కుఱ్ఱవాడు చెప్పిన మందు అసలు రోగమునకు మందే కాదట. యు.ఎస్.బి. తొఱ్ఱలో దేనినైన గ్రుచ్చినపుడు పాట పాడునది చేతిపెట్టె కాదు. స్టీరియోయే ఆ పెట్టెను ఒక గ్రంథముగా తెఱచి, ఫైలును తానే చదివి పాడును. చదువవలెనన్న రెండు కుదరవలెను. ఒకటి, లోపలి అమరిక. పాత స్టీరియోలు సాధారణముగా ఫ్యాట్ 32 అను అమరికనే చదువును. ఎక్స్‌ఫ్యాట్, ఎన్.టి.ఎఫ్.ఎస్. అనువానిని చాలవఱకు చదువలేవు. రెండవది, ఫైలు జాతి. ఎం.పి.3 యను జాతిని దాదాపు అన్నియు నెఱుగును. మా పెట్టె మైకుతో పట్టిన పాటలు వేవ్ అను జాతివి, మా స్టీరియో కా లిపి రాదు. కనుక ఫార్మాటు చేసియున్నచో పాటలును పోయెడివి, స్టీరియోయు పలుకకుండెడిది. వేవ్ జాతిలో సీడీ నాణ్యముగల పాట నిమిషమునకు సుమారు 10 మెగాబైట్లు తినును. సామాన్యమైన ఎం.పి.3 కి ఒక మెగాబైటు చాలును. కంప్యూటరులో నొక జాతినుండి మఱియొక జాతికి మార్చుట పిల్లలు కూడ చేయగలరు. అయితే అసలును చెఱపక, మార్చినది వేఱుగా నుంచవలెను.

ఇక అసలు ద్వారము మా కెట్లు దొరకినదో చెప్పెదము. కారుతో వచ్చిన పుస్తకము ముందుసీటున కెదుటి అఱలో అట్ట విప్పకుండ పడియుండెను. మనుచరిత్ర కర్థము చెప్పుకొనినవారము, దీనికేల వెఱవవలె నని యొక ఆదివారము మేమును మా యింటివారును నిఘంటువు దగ్గఱ పెట్టుకొని స్టీరియో ప్రకరణము చదివితిమి. అందొక బొమ్మలో “ఆక్స్” అని చిన్న గుండ్రని రంధ్రము చూపియున్నది. కారులో వెదకగా, అది ఆ పుస్తకము పడియున్న అఱలోనే, లోపలిమూల రబ్బరుమూత క్రింద నున్నది! మూడేండ్లుగా ఆ మూతమీదనే టోలుగేటు చీటీలు కుక్కుచుంటిమి.

ఆక్స్ రంధ్రము 3.5 మిల్లీమీటర్లది, చెవిగొట్టముల పిన్ను పట్టునదే. దానికి కావలసిన తీగ రెండు కొసలను ఒకే తీరు పిన్నులు గలది. మాకు నూఱు రూపాయలలోపుననే దొరకినది. ఆ పిన్నును తేఱిపాఱ చూచినచో నల్లని పట్టెలచేత భాగములుగా విడివడి కనబడును. కొన యెడమ స్పీకరునకు, నడిమిది కుడి స్పీకరునకు, మొదలు రెండింటికిని పొత్తైన భూమితీగకు. రెండు నల్లపట్టెలున్నచో మూడు భాగములు. మూడు పట్టెలున్నచో నాలుగవ భాగము మైకుది. అది ఫోనులకై చేసినది. కారునకు రెండు పట్టెల తీగయే చాలును. పిన్ను సగము గ్రుచ్చి విడిచినచో ఒక ప్రక్కయే పలుకుట, గొంతు మాయమై తాళమే వినబడుట మున్నగు వింతలు కలుగును. టక్కున చప్పుడగువఱకు నొక్కవలెను.

గ్రుచ్చినంతనే పలుకదు. స్టీరియోమీద మోడ్ అనియో మీడియా అనియో యున్న మీటను, తెరమీద ఆక్స్ అని వచ్చువఱకు నొక్కవలెను. మాకిది తెలియక తీగ చెడినదని తిరిగి దుకాణమునకు పోవుటకు సిద్ధపడితిమి. పాటపెట్టెలోని ధ్వనిని ముప్పాతికవఱకు పెంచి, స్టీరియోలోనిది మొదట బాగుగ తగ్గించి, పిమ్మట మెల్లగా పెంచుకొనుట క్రమము. పెట్టెలో మరీ తగ్గించి స్టీరియోలో పెంచినచో పాటతోబాటు బుసయు పెరుగును. పెట్టెలో నిండుగా పెంచినచో గొంతు చీలును. ఆక్స్ నుండి రేడియోకు మరల మార్చునపుడు ధ్వని తగ్గించుట మఱవకూడదు. లేనిచో రేడియో ఒక్కసారిగా చెవులమీద పడును, ముసలివారు అదరిపోవుదురు.

ఈ మార్గములో విశేషమేమనగా, పాడునది చేతిపెట్టెయే. స్టీరియో కేవలము బిగ్గఱగా వినిపించును. అందుచేత ఫైలు జాతి, లోపలి అమరిక, వీనితో స్టీరియోకు పనిలేదు. పెట్టె పాడగలిగిన దెల్ల కారు పాడును. మాకు మఱియొక లాభము కూడ కలిగినది. పెన్‌డ్రైవులో ఎం.పి.3 చేసి పెట్టినప్పుడు పాట మార్చవలెనన్న స్టీరియో తెరనే చూడవలెను. మామగారికి చూపేది? ఆక్స్ తీగ పెట్టినచో పెట్టె వారి చేతిలోనే యుండును. దానిమీటలు పొడుచుకొనివచ్చినవి. మొదటిదినముననే వ్రేలితో తడవి ముందునకు, వెనుకకు, ఆపుటకు ఏది యేదో గ్రహించిరి. ఇప్పుడు కొడుకును గాని కోడలిని గాని యడుగనక్కఱలేక, లాలి కావలసినప్పుడు లాలి, హారతి కావలసినప్పుడు హారతి తామే పెట్టుకొందురు. కండ్లు పోయినవాని కిది చిన్న స్వాతంత్ర్యము కాదు.

ఒక బాధ మాత్రము మిగిలెను. పెట్టె దారిలో ఆగిపోవునను భయముచేత కారు సాకెట్టునుండి దానికి కరెంటు పెట్టితిమి. వెంటనే పాటవెనుక సన్నని యీల మొదలైనది. బండి వేగము హెచ్చిన ఈల స్వరము హెచ్చును, తగ్గిన తగ్గును. స్పీకరు చెడినదనుకొంటిమి. కాదు. ఇంజనుతో తిరుగుచు బ్యాటరీని నింపు ఆల్టర్నేటరు చేయు చప్పుడది. పాటతీగలో భూమితీగ యొకటి, కరెంటుతీగలో భూమితీగ మఱియొకటి, రెండును కారు ఇనుపశరీరమునకే చేరుచున్నవి. ఒక పొలమునకు రెండు కాలువలు పెట్టినచో ఒకదాని బురద మఱియొకదానిలోనికి తిరిగివచ్చినట్లు, ఆ చుట్టుదారిలోబడి ఇంజను చప్పుడు పాటలోనికి వచ్చును. కరెంటుతీగ ఊడదీయగనే ఈల పోయెను. అందుకని ముందటి రాత్రియే యింట పెట్టెను నింపుకొని పోవుచున్నాము. దూరప్రయాణమైనచో పవర్‌బ్యాంకు చాలును, దానికి కారుతో సంబంధములేదు గనుక ఈల రాదు. తప్పక కారునుండియే పెట్టవలసినవారికి గ్రౌండ్ లూప్ ఐసోలేటరను చిన్న డబ్బా గలదు. పాటతీగ నడుమ దానిని కలుపవలెను. లోపలి చుట్టలు పాటను దాటనిచ్చి భూమితీగల కలయికను త్రెంచును.

అందఱి కారులును ఒకతీరున నుండవు గనుక రెండుమాటలు. క్యాసెట్టు నోరు గల పాతకారున్నవారు దానిని పాఱవేయకుడు. క్యాసెట్టు రూపముననే యుండి తోకవలె తీగ గల అడాప్టరు దొరకును. టేపునకు బదులు అందొక అయస్కాంతపు తల యుండి, స్టీరియో తలకు పాటను ముట్టించును. ఎఫ్.ఎం. దానికంటె చాల మేలు. బ్లూటూతు గల స్టీరియోలలోను కొన్ని పాతవి ఫోనుమాటలకే గాని పాటకు పనికిరావు. పాట రావలెనన్న ఏ2డీపీ అను విధానము దానికి తెలియవలెను, పుస్తకములో చూచుకొనుడు. ఈనాటి ఫోనులలో చాలవానికి చెవిగొట్టముల రంధ్రమే లేదు. ఆపిల్‌వారు 2016లో దానిని తీసివైచిరి, పిమ్మట తక్కినవారును అనుసరించిరి. అట్టి ఫోనుకు క్రింది తొఱ్ఱలో పెట్టు చిన్న అడాప్టరు కావలెను. ఇక తీగ ఏదైనను గేరుకఱ్ఱకు, త్రొక్కుడుపలకలకు తగులని దారిన పోనీయవలెను. పాట మార్చు పని బండి నడపువారిది కారాదు. మా కారులో నది మామగారి యుద్యోగము.

తీగ కుదిరిన తరువాతి నెల ప్రయాణములో, మామగారు ముందు కూర్చుండిరి, మేమును కుమారుడును వెనుక. ఒక్కొక్క పాటయే జరిగి, తగరపువలస దగ్గఱ గోస్తనీనది వంతెన ఎక్కునప్పటికి ఊర్మిళాదేవి నిద్ర వచ్చినది. అది మిక్కిలి దీర్ఘమైన పాట. నడుమ హఠాత్తుగా పాట ఆగి, నాలుగు స్పీకరులలోనుండియు, “అమ్మాయీ, పాలు పొంగిపోతున్నాయి, చూడవే!” అని అత్తగారి కేక. వెనుకనే ఎక్కడో దూరమునుండి, “వస్తున్నానండీ” అని మా గొంతు. పెరటిలోనుండి పరుగెత్తుకొని వచ్చినదినము మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ కేక ఆ పెట్టెలో నిన్నాళ్లు నున్నదని మేమెఱుగము. మా యింటివారు బండి వేగము తగ్గించిరి. కుమారుడు మా వైపు చూచెను.

మామగారు కన్నులు మూసికొనియే యుండి, “దింపీసిందిలే. నువ్వు పాడు” అనిరి.